డబ్బా కొయ్యకు, అల్లుడూ

అమరచింత

  

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూసిన. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 2017 మోడల్, 5 లీటర్ల వీ8. సెకండ్ హ్యాండ్ అయినా బండిని మంచిగ చూసుకున్నోళ్ల దగ్గర కొన్నవు. కంపెనీ సైలెన్సర్ డబ్బాను పక్క నుంచి కోసి, లోపలి గొట్టాలూ రేకులూ తీసేసి, నేరుగా ఒక పైపు వేసి మళ్లీ వెల్డింగ్ చేస్తనని మీ దగ్గరి మెకానిక్ అంటున్నడనీ, ఒక్క పూట పనేననీ, బయటికి చూస్తే డబ్బా కంపెనీదే కనబడతదనీ రాసినవు. చేయించాలా వద్దా అని అడిగినవు. ఫోన్‌లో చెప్తే సగం నీ చెవిన పడదు, సగం నేను మరిచిపోత. అందుకే కాగితం మీద పెడుతున్న.

ఆ శబ్దం మీద నీకున్న మోజును నేను తప్పు పట్టను. నా బతుకంతా ఇంజన్లను చెవితో చూసిన బతుకే. ట్రాక్టరు నా మెకానిక్ దుకాణం ముందుకు రాకముందే దాని టాపెట్లు వదులైనయా, మానిఫోల్డ్ గ్యాస్కెట్ ఊదుతున్నదా అని తెలిసిపోయేది. మంచి ఇంజన్ మంచిగ పలుకుతుంటే వినడంలో సుఖముంటది. ఆ సుఖం తెలిసినోణ్ని కాబట్టే నీ వీ8 అట్ల ఎందుకు పలుకుతదో ముందు చెప్పాలె. అది అర్థమైతే డబ్బా కొయ్యాల్నా వద్దా అన్నది నీకే తేలిపోతది.

నీ ఇంజన్‌లో సిలిండర్లు మండే వరుస 1-5-4-8-6-3-7-2. ఫోర్డ్ లెక్కలో 1 నుంచి 4 దాకా కుడి వరుస, 5 నుంచి 8 దాకా ఎడమ వరుస. ఇప్పుడు ఆ అంకెలను కుడి ఎడమలుగా చదువు. కుడి, ఎడమ, కుడి, ఎడమ అని సక్కగ పోతుంటది. 8 దగ్గరికి వచ్చేసరికి దాని తర్వాత 6, అంటే మళ్లీ ఎడమే. చివర 2 కాలినంక మళ్లీ 1, రెండూ కుడి దిక్కువే. క్రాంక్‌షాఫ్ట్ పిన్నులు నాలుగు దిక్కులకు 90 డిగ్రీల ఎడంతో ఉండటం వల్ల వచ్చిన క్రమం ఇది. ఇంజన్ మొత్తం మీద చూస్తే ప్రతి 90 డిగ్రీలకు ఒక సిలిండర్ తప్పకుండా కాలుతది. కానీ ఒక వరుస గొట్టంలో నిలబడి వింటే పొగ దెబ్బల మధ్య ఎడం 90, 180, 270, 180 అని ఎగుడుదిగుడుగా వస్తది. రెండు దెబ్బలు దగ్గరదగ్గర, తర్వాతది ఆలస్యంగా. అమెరికా వీ8లో అందరూ మెచ్చుకునే ఆ గుడగుడ అక్కడే ఉన్నది. ఫెరారీ 458 కూడా వీ8యే. దాని క్రాంక్ పిన్నులు ఒకే పలకలో ఉంటయి, కుడి ఎడమలు తప్పకుండా మార్చి మార్చి కాలుతయి, అందుకే అది గుడగుడమనదు, కూత పెడతది.

అంటే నువ్వు ఇష్టపడ్డ ఆ స్వరం క్రాంక్‌షాఫ్ట్ దగ్గర, పైపులు కలిసే దగ్గర పుట్టింది. డబ్బా దాన్ని పుట్టించలేదు, డబ్బా కోస్తే అది పెరగదు. పెరిగేది వేరే. డబ్బా ఇంతకాలం పట్టి ఆపిన గరగర, బుస, రేకు మోత, అవన్నీ బయట పడతయి. శబ్దం పెద్దదైతది, స్వరం చెడుతది. ఈ రెంటికీ తేడా తెలియని కుర్రాళ్లే రోడ్ల మీద ఎక్కువ ఉన్నరు.

ఇంక ఆ డబ్బా లోపల ఏముంటదో విను. దాన్ని ఖాళీ రేకు పెట్టె అనుకుంటరు. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు మోటారు బండి పొగగొట్టానికి మఫ్లర్ పేటెంట్ తీసుకున్న నాటి నుంచి ఈ డబ్బా మీద జరిగినంత ఆలోచన కారులో చాలా భాగాల మీద జరగలేదు. లోపల అడ్డగోడలతో రెండు మూడు గదులు, చిల్లుల గొట్టాలు, కొన్నిట్లో గాజు ఉన్నో బసాల్ట్ ఉన్నో కూరి ఉంటది. ఉన్ని సన్నని శబ్దాలను పీల్చుకుని వేడిగా మారుస్తది. లావు శబ్దాలు ఉన్నికి లొంగవు, వాటికి గదులు కావాలె. గదిలోకి పోయిన అల గోడకు తగిలి వెనక్కి వచ్చి, ఎదురొచ్చే అలతో కలిసి చల్లారుతది. ఇంకో రకం గది ఉంటది, సన్నని మెడ, లోపల గాలి. మీ అమ్మమ్మ బోరింగు దగ్గర కడవ నింపుతుంటే నీళ్లు పైకొచ్చే కొద్దీ శబ్దం సన్నబడటం నువ్వు విన్నవు గదా, ఆ కడవకున్న గుణమే దీనిదీ. లోపలి గాలి కొలతను బట్టి ఒక్క స్థాయి శబ్దానికే అది పలుకుతది, డబ్బాలో ఆ ఒక్కదాన్నే పట్టి మింగుతది. ఏ స్థాయిని మింగాలో ఫోర్డ్ ఇంజనీర్లు నీ బండి గేర్లు, టైర్లు, క్యాబిన్ కొలతలు చూసి నిర్ణయించినరు. లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ కారుకైతే శబ్దం కోసం యమహాలో సంగీత వాయిద్యాలు చేసే వాళ్ల దగ్గరికే పోయినరు. అంత లెక్క ఉన్న పనిని గ్రైండర్‌తో ఒక్క పూటలో సవరిస్తనంటే నేను ఒప్పుకోను.

కోస్తే ఏమైతదో లెక్కతోనే చెప్త. నాలుగు స్ట్రోకుల వీ8 ఒక్క చుట్టుకు నాలుగు సార్లు కాలుతది. నువ్వు షాద్‌నగర్ దాటి 44వ నంబరు హైవే మీద టాప్ గేరులో నిమ్మళంగ పోతున్నప్పుడు ఇంజన్ 1,800 చుట్లు తిరుగుతున్నదనుకో. సెకనుకు 30 చుట్లు, 120 దెబ్బలు. అంటే 120 హెర్ట్జ్. కారు క్యాబిన్ లాంటి మూసిన గదిలో ఇట్లాంటి లావు శబ్దాలు నిలబడిపోతయి. దాన్నే కుర్రాళ్లు డ్రోన్ అంటరు. మొదటి పది నిమిషాలు బాగుంటది. జడ్చర్ల వచ్చేసరికి తల బరువెక్కుతది, కొత్తకోట మలుపు దగ్గర మీ అమ్మ దిగిపోయి ఆటోలో వస్తనంటది. గేరు తగ్గిస్తే పోతది, మళ్లీ ఎక్కిస్తే వస్తది. దూర ప్రయాణానికి ఇంతకు మించిన చిరాకు లేదు.

ఆ డ్రోన్‌కు మందు కూడా ఉన్నది. మెయిన్ పైపుకు పక్కన ఒక మూసిన గొట్టం అంటిస్తరు. దాని పొడవు అల పొడవులో నాలుగో వంతు ఉండాలె. మామూలు గాలిలో శబ్దం సెకనుకు 345 మీటర్ల దాకా పోతది, 350 డిగ్రీల వేడి పొగలో 500 మీటర్ల వేగంతో పోతది. 500ను 120తో, మళ్లీ 4తో భాగించు. మీటరుకు రవ్వంత ఎక్కువ వస్తది. ఆ గొట్టంలోకి పోయి వచ్చిన అల, ఎదురొచ్చే అలకు సరిగ్గ తలకిందులుగా కలిసి దాన్ని మింగేస్తది. కానీ పొగ వేడిమి మారితే కొలత మారుతది. నీ మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడుగు: ఏ చుట్ల దగ్గర డ్రోన్ వస్తది, దానికి ఎంత పొడవు గొట్టం పెడతవు? జవాబు చెప్పకుండ గ్రైండర్ అందుకుంటే బండి తాళం వెనక్కి తీసుకో.

వెల్డింగ్ సంగతి నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తున్న, ఓపికపట్టు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతయి. పొద్దున బండి స్టార్ట్ చేసినప్పుడు గొట్టం నుంచి కారే నీళ్లు అవే. కంపెనీ డబ్బా అడుగున నీళ్లు పోయేందుకు సన్న చిల్లు పెడతరు. కోసి అతికినోళ్లు దాన్ని మూసేసిన సందర్భాలు ఎన్నో చూసిన. నీళ్లు లోపల నిలిచి, తడిసిన ఉన్ని రేకును తింటది. ఆ డబ్బాలు సాధారణంగా క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ రేకుతో చేస్తరు. దాన్ని మామూలు ఇనుప తీగతో అతికితే అతుకు దగ్గర తుప్పు మొదలైతది. టిగ్ వెల్డింగ్ చేయాలె, లోపలి దిక్కు ఆర్గాన్ గ్యాస్ నింపాలె, లేకపోతే అతుకు లోపలి ముఖం మాడి పొక్కులు తేలుతది. బండి మీదనే వెల్డింగ్ పెడితే ముందు బ్యాటరీ తీగ విప్పాలె, కంప్యూటరు పెట్టె కాలిపోకుండ. గాజు ఉన్ని పీకేటప్పుడు ఆ నలుసు ఊపిరితిత్తుల్లోకి పోతది, ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఒక్క పూట పని అన్నోడు వీటిలో ఏ మాటా ఎత్తలేదని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తున్నది.

గుర్రాల శక్తి పెరుగుతదని కూడా అన్నడట. నీ ఇంజన్‌కు మన దేశంలో ఇచ్చిన లెక్క సుమారు 400 హార్స్‌పవర్. వెనక డబ్బా ఒక్కటి మారిస్తే పెరిగేది చెవికి తెలుస్తది గని కాలికి తెలియదు. ఇంకో ప్రమాదం ఉన్నది. ఇయ్యాల డబ్బా కోసినోడు రేపు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేద్దామంటడు. ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూత ఉన్న ఆ భాగం కార్బన్ మోనాక్సైడ్‌నూ, మండని పెట్రోలునూ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ విరిచి పారేస్తది. దాని మీద చెయ్యి వెయ్యనియ్యకు. అది పోతే నీ వెనక స్కూటర్ మీద వచ్చే పసిపిల్ల పీల్చేది ఆ విషాన్నే.

ఇంకొకటి. ఫోర్డ్ కంపెనీ మన దేశంలో 2016 జులైలో 65 లక్షల ధరతో మస్టాంగ్ అమ్మకం మొదలుపెట్టి, 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చేసరికి ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ నిలిపేస్తున్నమని చెప్పింది. నీ కంపెనీ డబ్బా ఒకసారి కోసినంక అట్లాంటిది మళ్లీ కావాలంటే సముద్రం దాటి రావాలె. రేపు బండి అమ్మాలన్నా తెలిసిన కొనుగోలుదారు మొట్టమొదట వంగి చూసేది ఆ డబ్బానే.

చట్టం సంగతి నీకు తెలుసు, అయినా అంకెలు గుర్తు చేస్త. తొమ్మిది సీట్ల దాకా ఉన్న కారుకు మన దేశంలో పెట్టిన హద్దు 74 డెసిబెల్స్, 175 సీసీ దాటిన మోటారు సైకిలుకు 80. బండి పోయే గీతకు ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తరు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 74కు పది కలిపి 84 చేస్తే శబ్ద శక్తి పదింతలైతది, చెవికి రెండింతలుగా వినబడతది. 94 చేస్తే శక్తి నూరింతలు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు లేకపోతే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు చెల్లదు. బండిని తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చకూడదని 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే తేల్చి చెప్పింది. మన పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించడం నువ్వూ చూసినవు. ఎక్కువ బుల్లెట్ మోటారు సైకిళ్లవే. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా చెప్పకుండ చేసిన మార్పును చూపి క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టగలరు.

జరిమానా భయంతో మాత్రం ఆగమని నేను అనను, నీకు కట్టే స్తోమత ఉన్నది. మన ఊరిని ఒక్కసారి కళ్ల ముందు పెట్టుకో. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. అమరచింత అంత చిన్న ఊళ్లో ఒక బడి నుంచి ఇంకో బడికి, అక్కడి నుంచి దవాఖానకు ఆ 100 మీటర్ల గీతలు గీసుకుంటూ పోతే బండి మోత పెట్టే రోడ్డు ఎంత మిగులుతది? మన చేనేత ఇళ్లు రోడ్డుకు ఆనుకునే ఉంటయి. ముందు గదిలోనే గుంట మగ్గం. గద్వాల చీరకు జరీ అంచు కలిపే దగ్గర ఒక్క పోగు తప్పితే వెనక్కి విప్పాలె. సైలెన్సర్ పీకిన బుల్లెట్ మీద పోరగాళ్లు తాళం ఆపి తిప్పి ఫట్టుమని పేలుస్తరు చూడు, ఆ క్షణం మగ్గం మీద చేతులు ఆగిపోవడం నేను కళ్లారా చూసిన. ఆ పేలుడంటే ఏందో తెలుసా, మండని పెట్రోలు వేడి గొట్టంలోకి పోయి అక్కడ అంటుకోవడం. గొట్టానికీ చేటు, కన్వర్టర్‌కూ చేటు. పేలిపేలి లోపలి తేనెపట్టు గూడు కరిగి అడ్డుపడ్డ బండ్లు ఉన్నయి. కార్లకు కూడా కంప్యూటరు మార్చి ఆ పేలుళ్లు పెట్టిస్తున్నరట. ఆ పని జోలికి పోకు.

మెకానిక్‌గా నాకు దీని మీద ఇంకో పట్టుదల ఉన్నది. బండి జబ్బు ముందు చెవికే తెలుస్తది. బేరింగు తట్టడం, చెయిను వదులవడం, గ్యాస్కెట్ ఊదడం, అన్నీ సన్నగ మొదలైతయి. పెద్ద మోత పెట్టుకుంటే అవి వినబడవు. వినబడేసరికి ఖర్చు లక్షల్లో ఉంటది. వెనక అంబులెన్సు సైరన్ కూడా అట్లనే.

కంపెనీలకు కూడా ఈ బుద్ధి ఎట్ల వచ్చిందో విను. ఫోర్డ్‌లో ఇంజనీరింగ్ పెద్దగా పనిచేసిన స్టీవ్ వాన్ ఫోర్‌స్టర్ తన ఇంట్లో షెల్బీ మస్టాంగ్ స్టార్ట్ చేస్తే పక్కింటోళ్లు పోలీసులను పిలిచినరు. ఆయన దానికి కోపం తెచ్చుకోలేదు, ఆ సంగతిని పనిగా మార్చిండు. 2018 మస్టాంగ్‌కు గొట్టంలో తెరుచుకునే మూసుకునే కవాటం వచ్చింది. తెల్లవారుజామున బండి తీసేటప్పుడు మెల్లగా స్టార్ట్ అయ్యేటట్టు గంటల వారీగా ముందే పెట్టుకోవచ్చు. మామూలు స్టార్ట్ 82 డెసిబెల్స్ ఉంటే అట్ల పెట్టినప్పుడు 72 అని ఫోర్డ్ చెప్పింది. నీ బండి చేసినోళ్లే పక్కింటోని నిద్రను లెక్కలోకి తీసుకున్నరు. నువ్వు ఆ లెక్క నుంచి వెనక్కి పోవద్దు.

మన నేల మీద కూడా చూడు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది గదా, 1912 నాటిది, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోరి చేయించుకున్నది. ఆయన 1911లోనే పోయిండు, అది కళ్లారా చూసుకోలేదు. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లు దాటిన ఇంజన్. లోకమంతా దాన్ని మెచ్చింది చప్పుడు చెయ్యదనే. ఈసారి పోయినప్పుడు దాని పక్కన నిలబడి చూడు. ఇంక 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. 2.83 కిలోమీటర్ల ట్రాకు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిండు. అన్నీ కరెంటు కార్లు, పొగగొట్టమే లేదు. టైర్ల చప్పుడు, మోటారు కూత తప్ప ఏమీ లేదు. వేగం మాత్రం తక్కువ లేదు. నీ ఇంజన్ లాంటివి ఇంక ఎక్కువ కాలం తయారు కావు. అందుకే దాన్ని పుట్టినట్టుగా కాపాడమంటున్న.

ఇప్పుడు నువ్వు చేయదగ్గ పని చెప్త. ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి ఉన్నదాన్ని సరిగ్గ చూపించు. ఏడేండ్లు దాటిన బండికి జాయింట్ల దగ్గర పొగ ఊదుతుండొచ్చు, రబ్బరు హ్యాంగర్లు సాగి పైపు బాడీకి తగులుతుండొచ్చు, హీట్ షీల్డ్ రేకు మోగుతుండొచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే చిటపటలు చాలా మట్టుకు లీకులోకి గాలి దూరడం వల్ల వస్తయి. ఇవన్నీ సరిచేస్తే అసలు స్వరం తేటగా బయటపడతది. కొత్త బండి ఎట్ల పలికేదో నువ్వు విననే లేదు, నువ్వు కొన్నది వాడిన బండి. ఆ తర్వాత సొరంగం లాంటి చోట కాదు, బయట ఖాళీ మైదానంలో, అద్దాలు దించి విను. అప్పుడు కూడా మనసు నిండకపోతే, బయటి కంపెనీ డబ్బాను బోల్టులతో తగిలించేది వేరుగా కొని, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో ట్రాకు రోజున తగిలించుకో. పని అయినంక విప్పి పాతది బిగించుకుని ఇంటికి రా. కంపెనీ డబ్బా మీద మాత్రం గ్రైండర్ పడొద్దు. తీసినది తిరిగి పెట్టుకోవచ్చు, కోసినది పెట్టుకోలేము.

దసరాకు ఆ బండి మీదనే రా. కొత్తకోట దగ్గర హైవే దిగి మదనాపురం, ఆత్మకూరు మీదుగా వస్తే రోడ్డు నీ బండి ఎత్తుకు చాలా చోట్ల సరిపోతది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం ఏటవాలుగా ఎక్కించు, లేకపోతే మనం ఇంతసేపు మాట్లాడుకున్న గొట్టం అక్కడే తగులుతది. వచ్చినంక పొద్దునే జూరాల డ్యాము దిక్కు పోదాం. నేను పక్క సీట్లో కూర్చుని నీ ఇంజన్‌ను పూర్తిగా విని, ఏముందో చెప్త.

ఆ మెకానిక్‌కు అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోనీ, అడక్కు. ఈ ఉత్తరం అందినంక నాకు ఫోన్ చేసి డబ్బా కొయ్యనని ఒక్క మాట చెప్పు.

ఇట్లు
మీ మామ